అర్జీ రాయడం, మైకు ముందు అడగడం

తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్ళినా, ఆంధ్రప్రదేశ్‌లో అదే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళినా జరిగేది ఇంచుమించు ఒకటే. మీరు రెండు పేజీల అర్జీ ఇస్తారు. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ దాన్ని పైపైన చూసి, మీ పేరు, ఫోన్ నంబరు, శాఖ పేరుతోపాటు సమస్యను ఒకటి రెండు వాక్యాల్లో ఎక్కించి రసీదు చేతిలో పెడతాడు. వెనక క్యూలో ఇంకా చాలామంది ఉంటారు, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. గ్రామసభలోనూ అంతే. మీరు పది నిమిషాలు అనర్గళంగా మాట్లాడినా పంచాయతీ కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాసుకునేది రెండు లైన్లు.

ఫైలు నడిచేది ఆ రెండు లైన్ల మీదే. వాటిని ఇంకొకరి చేతికి వదిలేయకుండా మీరే తయారుచేసి ఇవ్వాలి. అవతలివాళ్ళు ఒక్క మాట మార్చకుండా ఎక్కించుకోగలిగేంత పక్కాగా ఉండాలి. అర్జీలో మిగతా భాగమైనా, ప్రసంగంలో మిగతా నిమిషమైనా ఆ వాక్యానికి ఆసరాగా ఉంటే చాలు.

ముందు ఒక్క వాక్యం

కాగితం తీయగానే "గౌరవనీయులైన" అని మొదలుపెట్టకండి. పాత నోటుబుక్కులో ఒక వాక్యం రాయండి: ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పటిలోగా చేయాలి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా వాక్యం పూర్తికానట్టే.

"మా ఊరి రోడ్డు బాగుచేయాలి" అన్నదాంట్లో పని ఒక్కటే ఉంది, అదీ సగమే. "పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు పదిహేను రోజుల్లో వచ్చి, హైస్కూల్ దారిలో కూలిన కల్వర్టును పరిశీలించి, కొత్తదానికి అంచనా తయారుచేయాలి" అన్నదాంట్లో నాలుగూ ఉన్నాయి. పదిహేను రోజుల తర్వాత ఎవరైనా వచ్చి ఈ పని అయిందా అని అడిగితే అవునో కాదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వాక్యం తిరిగి రాయాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కలెక్టర్‌ను కల్వర్టు కట్టమంటారు, ఏఈని నిధులు మంజూరు చేయమంటారు. ఏఈ చేయగలిగింది చూడటం, కొలవడం, అంచనా వేసి పైకి పంపడం. కలెక్టర్ చేయగలిగింది ఆదేశించడం, గడువు పెట్టడం, పనికి నిధి ఏ పద్దులో దొరుకుతుందో చూడమనడం. ఎవరి చేతిలో ఏ పని ఉందో ఆ పనే వాళ్ళను అడగాలి. దారి ఎవరిదన్నది ఇంకో చిక్కు. ఊళ్ళో అంతర్గత వీధులు గ్రామ పంచాయతీవి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. పెద్ద రోడ్లు ఆర్‌అండ్‌బీవి (రోడ్లు, భవనాల శాఖ). కింద పారేది సాగునీటి కాలువ అయితే ఇరిగేషన్ వాళ్ళ మాటా అవసరం. రాసేముందు పంచాయతీ కార్యదర్శిని అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది. అడగకపోతే అర్జీ "మా పరిధిలోకి రాదు" అన్న ఎండార్స్‌మెంట్‌తో నెల తర్వాత తిరిగొస్తుంది.

రెండు మూడు సమస్యలుంటే రెండు మూడు అర్జీలు రాయండి. కల్వర్టు, పింఛను, వీధిదీపాలు ఒకే కాగితంలో పెడితే ఏదో ఒక శాఖకే పోతుంది. ఆ శాఖ తనకు సంబంధించిన మాట చెప్పి అర్జీ మొత్తాన్ని ముగించేస్తుంది.

మామూలుగా రాసేది ఎలా ఉంటుంది

కలెక్టరేట్ గేటు ముందు అర్జీలు రాసిపెట్టేవాళ్ళ దగ్గర దొరికే నమూనా ఇది:

"గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్య సముఖమునకు, గ్రామస్థులు వ్రాసుకొను విన్నపము. ఆర్యా, మా గ్రామమునందు గత కొన్ని సంవత్సరములుగా కల్వర్టు శిథిలావస్థకు చేరుకొని విద్యార్థులు, వృద్ధులు, మహిళలు తీవ్ర ఇబ్బందులు పడుచున్నారు. ఈ విషయమై అనేక పర్యాయములు సంబంధిత అధికారులకు విన్నవించుకొనియున్నాము. అయినను ఎటువంటి చర్యలు తీసుకొనబడలేదు. కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకొని న్యాయము చేయగలరని ప్రార్థన."

గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం కొట్లాడి వందేళ్ళు దాటింది, అర్జీకి మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. భాష పాతదన్నది చిన్న లోపం. పెద్ద లోపం ఏమిటంటే, ఈ అర్జీ ఏ ఊరికైనా, ఏ కల్వర్టుకైనా సరిపోతుంది. కొన్ని సంవత్సరాలంటే ఎన్ని? అనేక పర్యాయాలంటే ఏ తేదీల్లో? సంబంధిత అధికారి ఎవరు? చదివే మనిషికి ఇవన్నీ తెలియవు, తెలుసుకునే తీరికా ఉండదు. ఇక చివర "తగు చర్యలు". తగు చర్య అడిగినవాళ్ళకు "తగు చర్యలు తీసుకొనుటకు సంబంధిత అధికారికి పంపడమైనది" అన్న జవాబే వస్తుంది. అడిగింది అంతే కాబట్టి అర్జీ పరిష్కారమైనట్టే లెక్క.

"తీసుకొనబడలేదు", "చేయబడినది" లాంటి వాక్యాల్లో పని చేయాల్సిన మనిషి మాయమైపోతాడు. చర్య ఎవరు తీసుకోలేదు? పంచాయతీ కార్యదర్శా, ఏఈనా, కాంట్రాక్టరా? "బడు" కనిపించిన ప్రతిచోటా ఆగి, చేసినవాళ్ళ పేరో హోదానో పెట్టి తిరగరాయండి. వాక్యం పొట్టిదవుతుంది, బాధ్యత ఎవరిదో తేలుతుంది.

అదే విషయం, పని జరిగేలా

ఊరు, తేదీలు, లెక్కలు ఊహించినవి. అమరిక చూడండి.

"జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: ఫలానా మండలం ఫలానా గ్రామంలో ఎస్సీ కాలనీ – జిల్లా పరిషత్ హైస్కూల్ దారిలో కూలిన కల్వర్టు. బారికేడ్లు పెట్టించడం, కొత్త కల్వర్టుకు అంచనా తయారుచేయించడం గురించి.

మేము కోరేవి రెండు.
1. ఏడు రోజుల్లో గ్రామ పంచాయతీ కల్వర్టుకు రెండు వైపులా బారికేడ్లు, రాత్రి కనిపించే రిఫ్లెక్టర్లు పెట్టాలి.
2. పదిహేను రోజుల్లో పంచాయతీరాజ్ ఏఈ గారు స్థలం చూసి, కొత్త కల్వర్టుకు అంచనా తయారుచేసి, ఒక కాపీ గ్రామ పంచాయతీకి ఇవ్వాలి.

12-07-2025 రాత్రి వానకు కల్వర్టు కుడివైపు శ్లాబు కూలింది. 3 మీటర్ల వెడల్పులో 1.5 మీటర్లు మిగిలింది. ఈ దారిన రోజూ 64 మంది విద్యార్థులు వెళ్తారు (హెడ్మాస్టర్ గారు ఇచ్చిన జాబితా జతచేశాం). వాన పడితే మిగిలిన భాగం మీదుగా నీళ్ళు పారుతాయి. అప్పుడు పిల్లలు 2.5 కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్ళాలి.

21-07-2025న పంచాయతీ కార్యదర్శి గారికి, 04-08-2025న ఎంపీడీవో గారికి అర్జీలు ఇచ్చాం. రసీదుల కాపీలు జతచేశాం. ఇప్పటిదాకా ఎవరూ స్థలం చూడటానికి రాలేదు.

జతచేసినవి: ఫోటోలు 2, విద్యార్థుల జాబితా 1, రసీదులు 2, సంతకాల పేజీలు 3."

కింద పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తేదీ, సంతకం. అంతా ఒక ఏ4 పేజీలో సరిపోతుంది.

కోరేది పైన ఉంది, కథ కిందికి పోయింది. మన అలవాటు దీనికి తలకిందులు. ముందు కష్టమంతా చెప్పి చివర్లో అడగడం మర్యాద అనుకుంటాం. తెలుగు వాక్యంలో అసలు క్రియ చివర్లోనే వస్తుంది. అర్జీ కూడా చివర్లోనే అడిగితే, చదివేవాడు రెండు పేజీలు ఊపిరి బిగబట్టుకుని మన పని ఏమిటా అని వెతుక్కోవాలి. "గారు" ఉంచండి, "నమస్కారం" ఉంచండి. మర్యాదకు అవి చాలు.

"తీవ్ర", "నానా", "ఘోరమైన" లాంటి మాటలు ఇందులో లేవు. 1.5 మీటర్లు, 64 మంది, 2.5 కిలోమీటర్లు అన్న లెక్కలు ఆ పని చేస్తున్నాయి. విశేషణం రాయబోయినప్పుడల్లా ఆ చోట ఒక కొలతో, తేదీయో, మనుషుల లెక్కో దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే విశేషణం కూడా తీసేయొచ్చు. లెక్క మాత్రం కచ్చితంగా ఉండాలి. 64 మందిని "వందలాది విద్యార్థులు" అంటే, ఏఈ వచ్చి చూసిన రోజు మిగతా మాటలన్నీ అనుమానం కిందికి పోతాయి.

మనం అలవాటుగా రాసే "వెళ్ళి, అడిగి, చెప్పి, తిరిగివచ్చి, మరల వెళ్ళగా" తరహా వాక్యాలు అర్జీలకు పట్టిన జబ్బు. ఒక వాక్యంలో అలాంటి క్రియలు రెండు దాటితే ఎవరు ఎవరికి ఏం చెప్పారో కలగాపులగమవుతుంది. పైకి చదవండి. ఒక్క ఊపిరిలో పూర్తికాని వాక్యాన్ని రెండు చేయండి.

జతచేసేవాటి సంగతి

ఫోటోలు రెండు చాలు. ఒకటి దూరం నుంచి, స్కూలు గోడో, కరెంటు స్తంభమో, గుర్తుపట్టగలిగే ఏదో ఒకటి కనిపించేలా. రెండోది దగ్గర నుంచి, విరిగిన చోట కొలత టేపు పరిచి. దగ్గరి ఫోటో ఒక్కటే ఇస్తే అది ఏ ఊరి కల్వర్టో తెలియదు. దూరపుదొక్కటే ఇస్తే ఎంత విరిగిందో తెలియదు. తేదీ, స్థలం ముద్రపడే కెమెరా యాప్ వాడితే మంచిది, లేకపోతే ప్రింటు వెనక చేత్తో రాయండి.

సంతకాల పేజీలు ఆఫీసులో అర్జీ నుంచి విడిపోవడం మామూలే. అందుకే ప్రతి సంతకాల పేజీ పైన విషయం లైను మళ్ళీ రాయండి, "సంతకాలు – పేజీ 2/3" అని వేయండి. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకుని తర్వాత పైన రాయడం ససేమిరా వద్దు. ఎవరో ఒకరు "నేను దీనికి పెట్టలేదు" అంటే అన్ని సంతకాలూ పోయినట్టే. వేలిముద్ర వేసేవాళ్ళ పక్కన పేరు స్పష్టంగా రాయాలి. సామూహిక అర్జీలో అందరి ఆధార్ నంబర్లు రాసే అలవాటు కూడా మానుకోవాలి. కల్వర్టుకు వాటితో పని లేదు, ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు.

డీటీపీ సెంటర్‌లో టైపు చేయిస్తే ఫాంటు ఏదో అడగండి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఈమెయిల్లో పంపాలంటే యూనికోడ్‌లో కొట్టించండి, లేదా పీడీఎఫ్ చేయించి తీసుకోండి.

ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టండి. ఈ గొడవ తెలియని మనిషికి, పక్క ఊరి చుట్టమైనా సరే, అర్జీ ఇచ్చి ఒకసారి చదివి వెనక్కిమ్మనండి. "ఇందులో ఏం అడిగారు?" అని అడగండి. మీరు నోటుబుక్కులో రాసుకున్న వాక్యానికి దగ్గరగా చెప్తే అర్జీ సిద్ధం. "పాపం మీ ఊళ్ళో చాలా కష్టంగా ఉందట" అంటే ఇంకా సిద్ధం కాలేదు.

అధికారి ముందు అర నిమిషం

ప్రజావాణిలో కలెక్టర్ ముందు నిలబడే సమయం చాలా తక్కువ. అర్జీ చదివి వినిపించబోతే మొదటి పేరా దాటేలోపు కాగితం పక్క అధికారి చేతికి వెళ్ళిపోతుంది. మూడు వాక్యాలు నోటికి వచ్చేలా చేసుకుని వెళ్ళండి:

"నమస్కారం మేడమ్. మా ఊరి హైస్కూల్ దారిలో కల్వర్టు సగం కూలింది, అరవై మంది పిల్లలు రోజూ దాని మీదే వెళ్తున్నారు. పదిహేను రోజుల్లో ఏఈ గారు వచ్చి అంచనా వేసేలా ఆదేశించండి."

అక్కడితో ఆగాలి. ఆగడమే కష్టం. ఆగకపోతే మూడో వాక్యాన్ని నాలుగోది కప్పేస్తుంది. వాళ్ళు ప్రశ్న వేస్తే దానికే జవాబు చెప్పండి. "ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా?" అంటే "ఆగస్టు 4న ఎంపీడీవో గారికిచ్చాం మేడమ్, రసీదు ఇదిగో" అంటే సరిపోతుంది. ఎంపీడీవో ఆఫీసులో ఎన్నిసార్లు కూర్చోబెట్టారో చెప్పే చోటు ఇది కాదు. ఐదుగురు కలిసి వెళ్తే ఒక్కరే మాట్లాడాలని ముందే అనుకోండి. ఐదుగురూ అందుకుంటే ఎవరి మాటా వినపడదు.

గ్రామసభలో రెండు నిమిషాలు

గ్రామసభ సర్పంచ్ గారు దయతో పిలిచే మీటింగు కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. రాజ్యాంగంలో 243వ అధికరణం చెప్పింది అదే. కాబట్టి అక్కడ మాట్లాడేటప్పుడు బతిమాలే గొంతు అక్కర్లేదు, కయ్యానికి దిగే గొంతూ అక్కర్లేదు.

తీర్మానం మాట మీరే రాసి జేబులో పెట్టుకెళ్ళండి: "ఎస్సీ కాలనీ – హైస్కూల్ దారిలో కూలిన కల్వర్టు స్థానంలో కొత్త కల్వర్టు కోసం అంచనా తయారుచేయాలని పంచాయతీరాజ్ ఏఈ గారిని కోరుతూ గ్రామసభ తీర్మానించింది." కార్యదర్శి గారికి రెండు కాపీలు ఇవ్వండి. ఆయన తన మాటల్లో కుదించి రాస్తే "రోడ్ల సమస్యలపై చర్చ జరిగింది" అని పడే ప్రమాదం ఉంది.

మాట్లాడేది ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్కారం. ఎస్సీ కాలనీ నుంచి హైస్కూల్‌కి పోయే దారిలో కల్వర్టు కూలింది. కొత్తదానికి అంచనా వేయమని ఏఈ గారిని కోరుతూ ఈ సభ ఇవాళ తీర్మానం చేయాలి. నేను అడిగేది అదొక్కటే.

కల్వర్టు సగం పోయింది. ఉన్న సగానికి పిట్టగోడ లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి పోయి నిలబడి చూడండి. అరవై మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు దాటుతుంటారు. వాన పడ్డ రోజు ఆ సగం మీద కూడా నీళ్ళు పారతాయి. ఆ రోజు రెండున్నర కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోవాలి. చిన్న తరగతుల పిల్లలు ఇంటి దగ్గరే ఆగిపోతున్నారు.

ఆగస్టులో ఎంపీడీవో ఆఫీసులో అర్జీ ఇచ్చాం. రసీదు ఇదిగో. దానికి గ్రామసభ తీర్మానం తోడైతే ఫైలుకు బలం వస్తుంది. తీర్మానం రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను. కల్వర్టుకు అంచనా వేయాలన్నదే తీర్మానం. ఒప్పుకున్నవాళ్ళను చేతులెత్తమని అడగండి సర్పంచ్ గారూ."

నింపాదిగా చెబితే నిమిషం పైచిలుకు పడుతుంది. రెండు నిమిషాలు మాట్లాడమంటే నిమిషంన్నరకు సరిపడా రాసుకోవడం మంచిది. మధ్యలో ఎవరో ఒకరు మాట కలుపుతారు, మైకు ఒకసారి ఆగుతుంది, ఆ అర నిమిషం అలా పోతుంది. మీ వేగం తెలుసుకోవాలంటే ఫోన్లో టైమర్ పెట్టి, నలుగురికి వినపడేంత గొంతుతో చదివి, నిమిషానికి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టండి. మనసులో చదువుకున్న లెక్క పనికిరాదు, అది ఎప్పుడూ తక్కువ సమయమే చూపిస్తుంది.

అర్జీకీ దీనికీ తేడాలున్నాయి. కాగితంలో 64 ఉంది, నోట్లో "అరవై మంది" అయింది. చెవికి గుండ్రటి లెక్కే నిలుస్తుంది, కచ్చితమైన అంకె కాగితంలో ఎలాగూ ఉంది. కాగితంలో కోరిక ఒక్కసారే ఉంది. ఇక్కడ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి వచ్చింది, ఎందుకంటే వినేవాడు వెనక్కి తిప్పి చదవలేడు. తేదీల్లో ఒక్క "ఆగస్టు" మిగిలింది. "పొద్దున ఎనిమిదిన్నరకి పోయి నిలబడి చూడండి" అన్న వాక్యం అర్జీలో అక్కర్లేదు. ఇక్కడ మాత్రం సభలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ దారి తెలిసినవాళ్ళే, వాళ్ళ కళ్ళకు అది కట్టాలి.

సంబోధన విషయంలో కాస్త మొండిగా ఉండాలి. "వేదికనలంకరించిన" అంటూ ఒక్కొక్కరి పేరూ హోదా చదువుతూ పోతే రెండు నిమిషాల్లో ముప్పావు నిమిషం అక్కడే ఖర్చవుతుంది. పైగా ఒక పేరు మరిచిపోతే ఆ ఒక్కరికి కోపం. "సర్పంచ్ గారికి, పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం" అంటే ఎవరూ మిగలరు. అసలు అదీ వద్దు, "అందరికీ నమస్కారం" చాలు.

మీ యాసలోనే మాట్లాడండి. "పోతున్నరు" అనే ఊళ్ళో "వెళ్ళుచున్నారు" అంటే జనం విషయం వదిలేసి మాట తీరు చూస్తారు.

చేతిలో కాగితం, నోటి ముందు మైకు

మొత్తం రాసుకున్నది చూసి చదివితే తల కిందికే ఉంటుంది, గొంతు కాగితంలోకి పోతుంది. మొత్తం బట్టీపడితే ఒక మాట తప్పగానే దారి తప్పుతుంది. మధ్యేమార్గం ఇది: మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠతా పట్టండి. మధ్యలోదానికి అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద ఐదారు మాటలు పెద్ద అక్షరాల్లో రాసుకోండి: "సగం – 8:30 – 60 పిల్లలు – 2.5 – రసీదు – తీర్మానం". పల్చటి కాగితం వద్దు. చెయ్యి వణికితే కాగితం ఇంకా ఎక్కువ వణుకుతుంది, అది చూసి భయం రెట్టింపవుతుంది. అట్ట వణకదు.

భయానికి మందు లేదు గానీ, మొదటి ఇరవై సెకన్లు దాటితే తగ్గుతుంది. మొదటి వాక్యం కంఠతా ఉండాలన్నది అందుకే. లేచి నిలబడ్డాక వెంటనే మాట అందుకోకండి. ఊపిరి పూర్తిగా వదిలి, మళ్ళీ పీల్చి, అప్పుడు "నమస్కారం" అనండి. భయంలో ఊపిరి పీల్చడమే తప్ప వదలడం మరిచిపోతాం, గొంతు పీలగా వచ్చేది అందుకే. వేగం కూడా దానంతట అది పెరుగుతుంది. ప్రతి వాక్యం తర్వాత మనసులో "ఒకటి" అనుకుని ముందుకు వెళ్ళండి. మీకు ఆ ఆగడం చాలా సేపు అనిపిస్తుంది, వినేవాళ్ళకు అనిపించదు.

మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, కాస్త గడ్డం వైపుగా ఉండాలి. తిన్నగా నోటి ముందు పెడితే "ప", "బ", "ఫ" పలికినప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటుంది. మైకు పైనున్న జాలీ చుట్టూ గుప్పిట బిగించకండి, కర్ర భాగం పట్టుకోండి. జాలీని మూస్తే మైకు ముందు నుంచే కాకుండా అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కుంటుంది, సౌండ్‌బాక్సులోంచి వచ్చే మీ గొంతే మళ్ళీ అందులోకి దూరి కీచుమంటుంది. సౌండ్‌బాక్సు ముందు నిలబడినా, మైకును దానివైపు తిప్పినా అదే జరుగుతుంది. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కొట్టడం, ఊదడం అక్కర్లేదు, "నమస్కారం" అంటే తెలిసిపోతుంది. తల పక్కకు తిప్పినప్పుడు మైకు కూడా తిరగాలి, లేకపోతే సగం వాక్యం ఎవరికీ వినపడదు.

మధ్యలో ఎవరైనా "ముందు మా వీధి కాలువ సంగతి చూడండి" అని లేస్తే వాదించకండి. "ఆ సంగతీ మాట్లాడదాం అన్నా, ఇది ఒక్కటి తేల్చనివ్వండి" అని, ఆపిన వాక్యాన్ని మొదటి నుంచీ చెప్పండి. సర్పంచ్ గారు "చూద్దాంలే" అంటే నవ్వుతూనే "ఈ సభలోనే తీర్మానం రాయించండి సార్, చూసేది తర్వాత ఏఈ గారు చూస్తారు" అనొచ్చు. సభ ముగిసి వెళ్ళిపోయేముందు మినిట్స్ పుస్తకంలో ఏం రాశారో చదవనివ్వమని అడిగి చూడండి. సంతకాలు అయ్యాక మాట మార్చడం కష్టం.

ఎందుకు అని అడగకుండా అడగడం

నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడతారు. అక్కడ రాసే పద్ధతి వేరు. "కల్వర్టు ఎందుకు కట్టలేదు?" అని రాస్తే జవాబు రాకపోవడానికి మీరే దారి ఇచ్చినట్టు. 2005 చట్టం కింద ఇవ్వాల్సింది ఆఫీసులో ఉన్న రికార్డు. లేని కారణాన్ని, అభిప్రాయాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ప్రతి "ఎందుకు"నూ ఒక కాగితం పేరుగా మార్చుకోవాలి:

"04-08-2025న ఎంపీడీవో కార్యాలయంలో ఇచ్చిన మా అర్జీ (ఇన్‌వార్డ్ నంబరు ఫలానా) మీద ఇప్పటిదాకా తీసుకున్న చర్యల ఫైలు నోట్‌షీట్ల కాపీలు ఇవ్వండి. ఈ కల్వర్టుకు అంచనా తయారై ఉంటే దాని కాపీ ఇవ్వండి. 01-04-2023 నుంచి ఇప్పటిదాకా ఈ దారిలో చేసిన పనుల ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీల కాపీలు ఇవ్వండి."

తేదీ నుంచి తేదీ దాకా అని హద్దు పెట్టకపోతే కాగితాలు మోపెడు వస్తాయి, పేజీకి 2 రూపాయల చొప్పున మీరే కట్టాలి. సమాచారం ఎందుకో కారణం రాయనక్కర్లేదు, రాయకపోవడమే నయం. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు పెట్టొచ్చు.

ఆ లోపు అసలు అర్జీకి గుర్తుచేస్తూ ఇంకో కాగితం ఇవ్వాల్సి వస్తే కథంతా మళ్ళీ రాయకండి. కొత్తగా రాస్తే కొత్త అర్జీగా నమోదై, పాత గడువు చెరిగిపోయి, లెక్క మొదటికొస్తుంది. పాత రసీదు జిరాక్స్ వెనక పెట్టి మూడు లైన్లు చాలు: "రసీదు నంబరు ఫలానా, తేదీ ఫలానా. కోరినవి రెండు: బారికేడ్లు పెట్టారు, ఏఈ గారి పరిశీలన జరగలేదు. పరిశీలన తేదీ రాతపూర్వకంగా తెలియజేయండి."